రెండు తులాల సీసపు గుండు

కర్నూలులో నేను పనిచేసే అచ్చాఫీసులో ప్రతి శనివారం అరిగిపోయిన సీసపు అక్షరాలను మూకుట్లో వేసి కరగబెడతారు. ఆ వాసనకు తోటివాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. నాకు మాత్రం ఆకలేస్తుంది. తప్పు నాది కాదు. మా ఇంట్లో సీసం కరిగేది వంటపొయ్యి మీదే, జొన్నసంగటి దించిన మరుక్షణం.

గిద్దలూరు అవతల, నల్లమల అంచున మా ఊరు. ఎండలు ముదిరేసరికి ఇప్పపూల తీపి వాసన, కొండమీద ఎండుగడ్డి కాలే పొగ, గొర్రెల మంద లేపే ఎర్రదుమ్ము, ఎవరింట్లోనో ఉడికే చింతచిగురు పప్పు, అన్నీ కలిసి ఒకే గాలిలో వచ్చేవి. పందుల బారినుంచి చేను కాపాడుకోవడానికి మా నాయనకు లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకి ఉండేది. మందూ గుండూ మూతి నుంచే దట్టించాలి. గుండ్లు పోసే అచ్చును మా తాత మార్కాపురం పలకరాయిలో తొలిచాడు: రెండు బిళ్లలు, మధ్యన ఒకే ఒక గుంట. అందులోంచి వచ్చే గుండు సరిగ్గా రెండు తులాలు తూగాలి. శెట్టి దుకాణం నుంచి త్రాసు తెచ్చి మా అవ్వ ఒక్కొక్కటే తూచేది. తగ్గిందంటే లోపల బుడగ ఉన్నట్టు, తిరిగి మూకుట్లోకే. ఆమె కళ్లుగప్పి దాచిన గుండ్లు నా గోలీలు. వాటి దెబ్బకు ఊళ్లో గోలీలన్నీ పగిలాక నాతో ఆడేవాడే లేకుండా పోయాడు.

ఒక ఉగాదినాడు, పెనం మీద బొబ్బట్లు పొంగుతుండగా, పక్కింటివాళ్ల పాడిగేదెను పెద్దపులి చంపిందని కబురొచ్చింది. ఆ ఎండాకాలంలో అది మూడోది. మునసబు అరుగు మీద ఊరంతా చేరింది. పందికి రెండు తులాలైతే పులికి ఎన్ని తులాలన్నది చర్చ. పులి తోక కూడా చూడనివాళ్లు తలా ఒక లెక్క చెప్పారు. చివరికి మూడు తులాలకు ఖాయమైంది. కంసాలి కొత్త గుండు పోశాడు, ముత్తైదువలు దానికి కుంకుమ పెట్టారు, డప్పులతో మా వాకిట్లోకి తెచ్చారు. అది గొట్టం మూతిమీద పీటమీది పెళ్లికొడుకులా కూర్చుంది తప్ప లోపలికి దిగలేదు. నేను నవ్వాను. మునసబు నాకు ఒక్కటిచ్చాడు.

"వాణ్ని కొడితే గుండు దిగుతాదా అబ్బయా? ఎంత బరువుండాలనేది పులి చెప్పదు, గొట్టం చెప్తాది," అంది అవ్వ.

మునసబు ముఖం మాడిపోయింది. "అట్లయితే మీ గుండ్లే రెండు దట్టించు. మందు కూడా రెండింతలు పొయ్యి. పులంటే ఏందనుకున్నావ్?" అన్నాడు నాయనతో.

అక్కడితో నా నవ్వు ఆగింది. కణితి దుప్పిని కొట్టడానికి మా తాత ఒకప్పుడు సరిగ్గా అదే చేశాడు. తుపాకి వెనకభాగం పేలి ఎడమచేతి రెండు వేళ్లు ఎగిరిపోయాయి. దాని బదులు ఈ తుపాకి కొన్నాక, మిగిలిన ఎనిమిది వేళ్లతోనే ఆ అచ్చు తొలిచాడు. అందుకే దానికి ఒకటే గుంట.

"ఒకటే వేస్తా మామా," అన్నాడు నాయన.

"పిరికోడా! తాసిల్దారుకు రాసి లైసెన్సు పీకిస్తా."

"రాసుకో. తుపాకి పోతే ఇంకోటి వస్తాది, చెయ్యి పోతే యాడనుంచి తేవాల?"

"రెండు కావాలంటే నువ్వే పోయి కాల్చు అబ్బయా," అంది అవ్వ. "మావోడు నీ వేళ్లు ఏరుకొస్తాడు."

మర్నాడు మధ్యాహ్నమే నాయన ఒక గుండు గొట్టంలో, ఒకటి రొంటిన పెట్టుకుని, చచ్చిన గేదెకు ఎదురుగా మంచె ఎక్కాడు. కొండ మీద ఇంకా ఎండ ఉండగానే ఒక్క చప్పుడు వినిపించింది. రోలు దగ్గర అవ్వ చేతిలో రోకలి అట్లాగే ఆగిపోయింది. రెండో చప్పుడు రాలేదు. నాయన వాకిట్లోకి వచ్చేసరికి అవ్వ అతని ముఖం చూడలేదు. రెండు చేతులూ పట్టుకుని వేళ్లు లెక్కపెట్టింది. పదీ ఉన్నాయి. పులి సంగతి ఆ తర్వాతే అడిగింది. నలభై అడుగుల దూరం పోయి పడిందట.

గిద్దలూరులో మకాం వేసిన దొర తెల్లారి వచ్చి, చచ్చిన పులిమీద బూటుకాలు పెట్టి ఫొటో తీయించుకున్నాడు. పక్కన మునసబు కూడా నిలబడ్డాడు, రాత్రంతా మంచెమీద కూర్చున్నవాడి అలసటతో. చర్మం దొరతో పోయింది. నాయనను ఎవరూ పిలవలేదు. చర్మం ఒలిచేటప్పుడు బయటపడ్డ గుండును మాత్రం అవ్వ అడిగి తెచ్చి, కడిగి, తూచింది. అణగి బిళ్లయినా రెండు తులాలకు వెంట్రుకవాసి తక్కువ. "ఆ కాస్తా పులికే వదిలేద్దాం," అంది.

ఇప్పుడు అవ్వ లేదు. తుపాకి సర్కారుకు అప్పగించారు, పలక అచ్చు ఒక వానాకాలం కూలిన గోడకింద నలిగిపోయింది, పులులు మా ఊరివైపు దిగడం మానేశాయి. ఆ సీసం బిళ్ల మాత్రం నా బల్లమీద కాగితాలు ఎగరకుండా కాస్తోంది. మొన్న శనివారం మూకుట్లోకి సీసం చాలక మా ఫోర్‌మన్ దానిమీద చెయ్యేశాడు. చెయ్యి తీయమన్నాను. ఏముందయ్యా అందులో అన్నాడు.

ఫొటోలో ఎవరి బూటు ఉంటే పులి వాళ్లదే అంటారు. అననీ. సీసం నా దగ్గరుంది. నమ్మనివాళ్లు త్రాసు తెచ్చుకోవచ్చు.