సూరమ్మ పిన్నిగారికి చెరువు వైద్యం

2021 మే నెలలో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, ముమ్మిడివరం దగ్గర మా ఊళ్ళో నాకు వేసిన డ్యూటీ హోమ్ ఐసొలేషన్. అంటే పాజిటివ్ వచ్చినా ఆసుపత్రి అక్కర్లేదని డాక్టరుగారు తేల్చినవాళ్ళను ఇంట్లోనే ఒక గదిలో ఉంచి, రోజూ వెళ్ళి గుమ్మం బయటి నుంచి చూసి రావడం. నేను ఆశా కార్యకర్తను. మా పైన ఏఎన్ఎం గారు, ఆవిడ పైన పీహెచ్‌సీ డాక్టరుగారు. నేను చూసింది ఆవిడకు చెప్పాలి, ఆవిడ ఆయనకు చెప్పాలి, ఆయన మాట మళ్ళీ అవే మెట్లు దిగి నా దగ్గరికి రావాలి. నా చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయింది. సొంతంగా మందు చెప్పే హక్కు లేదు, ఎవరినీ ఆసుపత్రికి పంపే హక్కూ, ఆపే హక్కూ లేవు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ నెలలో ఒక పొద్దున్న నేను ఒక వ్యానుకు అడ్డం నిలబడాల్సి వచ్చింది.

మా వీధి చివరి ఇల్లు సత్తిబాబుది. రొయ్యల చెరువులు కౌలుకు చేస్తాడు. వాళ్ళమ్మ సూరమ్మ పిన్నిగారు డెబ్భై దాటిన మనిషి. ఆవిడకు పాజిటివ్ వచ్చింది. జ్వరం పెద్దగా లేదు, ఆయాసం లేదు, నోటికి రుచి మాత్రం పోయింది. మందుల కిట్టు, వేలికి తొడిగే ఆక్సీమీటరు సత్తిబాబు చేతికిచ్చి, ఆక్సిజన్ తొంభై నాలుగు కన్నా తగ్గితే వెంటనే ఫోన్ చెయ్యమన్నాను. కిట్టు విప్పి చూసి, “ఈ విటమిన్ సీ మా చెరువుల్లోకీ ఏత్తామండీ” అని మురిసిపోయాడు. “ఆక్సిజన్ సంగతి నాకొదిలెయ్యండక్కగారూ. నేను బతికేదే ఆక్సిజన్ మీదండీ, ఆయ్.”

“అందరం దాని మీదే బతుకుతున్నాం తమ్ముడూ” అన్నాను గాని, అతను వినిపించుకోలేదు.

తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. రొయ్యల రైతు ప్రాణం నీళ్ళలోని ఆక్సిజన్‌లో ఉంటుంది. దాన్ని డీఓ అంటారు. తెల్లవారుజామున అది పడిపోతే రొయ్యలు పైకి తేలతాయి. వెంటనే రెక్కల ఏరియేటర్లు తిప్పి నీళ్ళు చిలకాలి. ఆలస్యమైతే పంటంతా ఒక్క పూటలో పోతుంది. సత్తిబాబుకు ముందటేడు ఒక చెరువు అలాగే పోయింది. కాబట్టి అతని భయాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు.

మర్నాడు వెళ్ళేసరికి పిన్నిగారి గది చుట్టూ నీలం పట్టాతో పీతల కంచె కట్టి ఉంది. రోగాలు మోసుకొచ్చే పీతలు చెరువులోకి దిగకుండా గట్టు చుట్టూ కట్టేది అదే. పెరడంతా పైన పక్షులు వాలకుండా కట్టే తాళ్ళు. గుమ్మంలో కాళ్ళు ముంచుకోవడానికి మందు నీళ్ళ పళ్ళెం. ఏఎన్ఎం గారు చూసి, ఇంత శుభ్రంగా ఐసొలేషన్ చేసిన ఇల్లు మండలంలోనే లేదని ఫోటో తీసి డాక్టరుగారికి పంపారు. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టారు. కిటికీలోంచి పిన్నిగారు మాత్రం, “రత్నం, కాకి కూడా వాలట్లేదే. పలకరించడానికి అదొక్కటే ఉండేదమ్మా” అన్నారు.

ఆ తర్వాతి రోజు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కిటికీ కింద సిమెంటు తొట్టి పెట్టి, దాన్నిండా నీళ్ళు పోసి, అందులో ఏరియేటరు తిప్పుతున్నాడు. నీళ్ళు కిటికీలోంచి గదిలోకి చిమ్ముతున్నాయి. పిన్నిగారు మంచం మీద గొడుగేసుకుని కూర్చున్నారు. వెంటనే ఆపించాను. అతను ఒప్పుకోడే! “నిన్న తొంభై ఆరండీ. ఇది ఏసేక తొంభై ఏడొచ్చిందండీ. మీటరు అబద్ధం చెబుతాదాండీ?” అని నన్నే నిలదీశాడు.

“అత్తయ్యగారికి కరోనా పట్టుకుందండీ, ఈయనకి మీటరు పట్టుకుందండీ” అంది అతని భార్య వరలక్ష్మి, పొయ్యి దగ్గర నుంచి.

నిజంగా పట్టుకుంది. పిన్నిగారి వేలు కాస్త చల్లబడి అంకె అటూ ఇటూ ఊగితే చాలు, నాకు ఫోన్. టీవీలో ఎక్కడో మంచాలు దొరకలేదని చెబితే ఫోన్. కళ్ళు లోపలికి పోయాయి. పిన్నిగారి కంటే అతనే రోగిష్టిలా కనిపించేవాడు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు, పొద్దున్నే వెళ్ళేసరికి వాకిట్లో వ్యాను ఉంది. రొయ్య పిల్లలను తెచ్చే హేచరీ వ్యాను అది. లోపల పరుపు, పక్కన ఆక్సిజన్ సిలిండరు.

“పట్టుబడి చేసేత్తన్నానండీ” అన్నాడు సత్తిబాబు. పక్క చెరువులో రోగం కనబడితే, ఎదిగినా ఎదక్కపోయినా రొయ్యలను ముందే పట్టి అమ్మేస్తారు. దాన్నే పట్టుబడి అంటారు. అమ్మను కాకినాడ తీసుకెళ్ళిపోతాడట. అక్కడ కాకపోతే రాజమండ్రి, అక్కడా కాకపోతే ఇంకోచోట.

అప్పటికి మా మండలం నుంచి అలా బయలుదేరినవాళ్ళు మంచం దొరక్క ఆసుపత్రుల బయట ఎండలో పడి ఉన్నారని మాకు తెలుసు. ఇంట్లో నిలదొక్కుకునే మనిషి ఆ తిరుగుడులో పోవచ్చు. మీటరు చూస్తే తొంభై ఆరే ఉంది. కానీ పిన్నిగారు లేచి కూర్చోలేకపోతున్నారు, మాట పీలగా వస్తోంది.

“చూసేరా? మీటరు బానే ఉంది, మనిషి వాడిపోతంది. చెరువూ ఇలాగే ఉంటాదండీ. సాయంత్రం డీఓ బాగుంటాది, పొద్దున్నకి అన్నీ తేల్తాయి” అన్నాడు. నేను వ్యాను ముందు నిలబడి, ఏఎన్ఎం గారి ద్వారా డాక్టరుగారిని ఫోన్‌లోకి రప్పించి, అందరికీ వినబడేలా పెట్టాను. ఆయన జ్వరం అడిగారు, ఊపిరి లెక్కపెట్టించారు. తర్వాత, ఏం తింటున్నారని అడిగారు.

“చెక్‌ట్రే చూసే పెడతన్నానండీ” అన్నాడు సత్తిబాబు ధీమాగా.

“ఏం ట్రే?” అన్నారు డాక్టరుగారు.

చెరువులో జల్లెడ లాంటి పళ్ళెంలో కాస్త మేత పెట్టి దింపుతారు. కాసేపయ్యాక పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తారు, లేకపోతే అడుక్కి చేరి కుళ్ళి నీరు పాడవుతుంది. సత్తిబాబు ఆ లెక్కే ఇంట్లో పెట్టాడు. రుచి తెలియక పిన్నిగారు అన్నం వదిలేశారు. అతను మర్నాడు తగ్గించాడు. అందులోనూ ఆవిడ కాస్త వదిలారు. ఇంకా తగ్గించాడు.

“గిన్నెడు పెడతానంటే పడనివ్వలేదండీ!” అని వరలక్ష్మి ఒక్కసారిగా అందుకుంది. కిటికీలోంచి పిన్నిగారు ఓపిక తెచ్చుకుని, “నన్ను ఎన్ని కౌంటుకి పెంచుతున్నాడో అడగవే రత్నం. చూడబోతే కిలోకి వంద తూగేలా ఉన్నాను” అన్నారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదన్నమాట.

డాక్టరుగారు నవ్వలేదు. ముందు గంజి, మజ్జిగ, ఆవిడ ఏది అడిగితే అది కొంచెం కొంచెంగా పెట్టమన్నారు. సాయంత్రానికి తేరుకోకపోతే తానే అంబులెన్సు పంపి మంచం చూస్తానన్నారు. అందాకా వ్యాను కదలడానికి వీల్లేదన్నారు.

పిన్నిగారు తరవాణి అడిగారు, పచ్చిమిరపకాయతో. వేసవిలో మా వైపు తినే, పులిసిన గంజినీళ్ళలో నానిన అన్నమది. “పులిసిన నీళ్ళాండీ? పీహెచ్ పడిపోద్దండీ!” అని సత్తిబాబు అడ్డం రాబోయాడు. వరలక్ష్మి గరిటె చూపించింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అతను కిటికీకీ వ్యానుకీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ముద్ద ముద్దకీ మీటరు పెడతానంటాడు. నేను కూర్చోబెట్టి, చెరువులో డీఓ పడిపోతే నువ్వు నీళ్ళలోకి దిగి తిరుగుతావా అని అడిగాను.

“అమ్మమ్మో, దిగమండీ! అడుగున బురద లేచి ఇంకా పడిపోద్దండీ.”

“మరి ఈ వారమంతా నువ్వెక్కడున్నావు తమ్ముడూ?”

సత్తిబాబు నా వంక చూశాడు, కిటికీ వంక చూశాడు. మీటరు తీసి నా చేతిలో పెట్టాడు. పొద్దున్న పిన్నిగారి వేలి నుంచి తీసిన దగ్గర్నుంచి అది అతని సొంత వేలికే ఉంది.

తరవాణి సగం తిన్నాక పిన్నిగారు, “నువ్వేం తిన్నావురా?” అని అడిగారు. సత్తిబాబుకు గుర్తు రాలేదు. వరలక్ష్మిని అడిగితే, ముందురోజు మధ్యాహ్నం నుంచి పళ్ళెం ముట్టుకోలేదని చెప్పింది. కిటికీకి ఇటు కొడుకు, అటు తల్లి కూర్చుని ఆ పూట తిన్నారు. సాయంత్రానికి ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని, కాకులను రానివ్వమని కొడుకుని కేకలేస్తున్నారు. గొంతు వీధిలోకి వినబడింది. మీటరు మళ్ళీ తొంభై ఆరే. డాక్టరుగారికి చెప్పించి, వ్యానును పంపించేశాం. పిన్నిగారు ఐసొలేషన్ పూర్తయ్యేదాకా ఆ గదిలోనే ఉండి, మామూలుగా తిరుగుతూ బయటికి వచ్చారు.

మా ట్రైనింగులో రోగిలో ఏం చూడాలో చెప్పారు. జ్వరం, ఊపిరి, ఆక్సిజన్. పక్కనున్నవాళ్ళ భయం కూడా రోగి ఒంటి మీద పనిచేస్తుందని మాత్రం నేను ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. డ్యూటీ దిగిపోయేదాకా ఒక పద్ధతి పెట్టుకున్నాను. గుమ్మం దగ్గర ముందు అంకె అడిగేదాన్ని కాదు. రోగి ఏం తిన్నారని అడిగి, తర్వాత పెట్టినవాళ్ళు ఏం తిన్నారని అడిగేదాన్ని. రెండో ప్రశ్నకు తడుముకున్న ఇంటికి, మర్నాడు అందరికంటే ముందు వెళ్ళేదాన్ని.