తిరగేసిన దండం

మా డాక్టరమ్మ ఏ పరీక్ష పెట్టినా, రోగితోపాటు తనూ చేసేది.

డెబ్బైల మాట. పుంగనూరులో రోజూ ఆవుల పాలు పితికే నాకు కుడిచేతి వేళ్లు మొద్దుబారినాయి. పక్షవాతమేమోనని భయపడి మదనపల్లెలో ఆమె దగ్గరికి పోయినాను. ఆమె నా మణికట్టు మీద వేలితో తట్టింది. బొటనవేలిదాకా జివ్వుమనింది. తర్వాత దండాన్ని తిరగేసినట్టు నా రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడేసి, "ఇట్లే ఒక నిమిషం ఉండమ్మా," అనింది. తనూ అట్లే నిలబడింది.

నాకు తిమ్మిరి ఎక్కేలోపలే ఆమె చేతులు విదిలించుకునింది.

"మీకూ ఉండాదా అమ్మా?"

"ఉండాది. పక్షవాతం కాదులే, మణికట్టులో నరం నలుగుతాండాది. పట్టీ కట్టుకుంటే తగ్గుతాది."

"మీకు తగ్గలేదే?"

"నేను కట్టుకుంటే కాన్పులు ఎవురు చేస్తారమ్మా," అంటా, ఆ తిమ్మిరి చేతులతోనే నాకు పట్టీ కట్టింది.