రబ్బరు పట్టీతో పంతం

పోయిన నెల ఒక ఉదయం నా కోడలు దువ్వెనతో పాటు కత్తెర కూడా తెచ్చి పక్కన పెట్టుకుంది. నేను జారిపడి కుడి భుజం దెబ్బతిన్నప్పటి నుంచీ నా తల ఆమే దువ్వుతోంది, పాపం ఆఫీసు తొందరలో చిక్కులు తీయలేక విసిగిపోయి ఉంటుంది. "భుజాల కాడికి కత్తిరించేద్దాం అత్తా, ఇద్దరికీ సుఖం" అంది. ఆమెది చెడ్డ మనసు కాదు, అయినా నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ బడిపిల్లల ముందు నా చేత్తో ముడిచిన కొప్పుతోనే నిలబడినదాన్ని. నెలాఖరు దాకా ఆగు, అప్పటికీ నా కొప్పు నేను వేసుకోలేకపోతే నీ ఇష్టం అన్నాను.

డాక్టరు గారు రాసిచ్చిన రబ్బరు పట్టీని ఆ రోజే కిటికీ ఊచకు కట్టించి, రెండు పూటలా లాగడం మొదలుపెట్టాను. పది రోజులైనా చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి, నేను లాగే తీరు చూసి నవ్వింది.

"ఏంది టీచరమ్మా, అట్టా వెనక్కి నడస్తా పోతుండారు? లాగాల్సింది చెయ్యి, ఒళ్లు కాదు."

అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఇన్నాళ్లూ నేను అలివి వల లాగుతున్నానని.

సముద్రం పక్కన పెరిగిన నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. బోగోలు దగ్గర మా పల్లెలో, పడవ వాళ్లు ఆ పెద్ద వలను నీళ్లలో చుట్టి వేసి వచ్చాక, దాని తాళ్లు పట్టుకుని ఒడ్డున జనమంతా వరసగా నిలబడి, ఇసుకలో మడమలు తన్ని వెనక్కి నడిచేవాళ్లు. చేతులు త్వరగా చచ్చుబడతాయి కనుక తాడును నడుముకు తగిలించుకుని ఒళ్లంతా దాని మీద వాల్చాలి. నాన్న జ్వరంతో మంచం పట్టిన ఏడు, తాడు పట్టని ఇంటికి చేపల్లో వాటా లేదన్నారు. నేను వెళితే, ఆడపిల్లవు పొమ్మన్నాడు పెదనాన్న. పోలేదు. నడుము కమిలిపోయేలా లాగి, మా వాటా గంపలో వేయించుకునే ఇల్లు చేరాను.

ఆ నడుమే ఇన్నేళ్ల తరువాత భుజం పని కూడా తన మీద వేసుకుంది. ఆ అమ్మాయి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నడుము కదపకుండా లాగించింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి, కోడలి ముందు ఏడవడం ఇష్టంలేక తలుపు వేసుకుని లాగేదాన్ని. నెలాఖరున ఆమె ఎదుటే కూర్చుని కొప్పు ముడిచాను. ఒక పక్కకు ఒరిగింది, సగం వెంట్రుకలు బయటే ఉన్నాయి. కోడలు సరిచేయబోతే వద్దన్నాను.

మా ఒడ్డున ఇప్పుడు అలివి వల లాగడం లేదు, అందరివీ ఇంజను బోట్లే. ఆనాడు నా కాలు జారితే ముందూ వెనుకా ఉన్నవాళ్లు నా బరువు కూడా లాగేవాళ్లు, ఎవరు ఎంత లాగారో ఎవరూ అడిగేవారు కారు. ఈ గదిలో నేను వదిలితే పట్టుకునేవారు లేరు. ఒంటరిగా లాగడం ఈ వయసులో నేర్చుకున్నాను, అది నాకేమీ నచ్చలేదు. అయినా రేపూ లాగుతాను.