సావిత్రమ్మగారి ప్రెస్సులో తీగ ఆకు

మొన్న పావగడలో బంధువుల పెళ్లికి వెళ్లాను. వేదిక చుట్టూ ప్లాస్టిక్ తీగలు వేలాడదీశారు. ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూశాను. కోసుగా తేలిన అంచులు, ఉబ్బెత్తు ఈనెలు. కళ్లు మూసుకున్నా ఆ ఆకారం నా వేళ్లకు తెలుసు. ఎనభైల చివర్లో, సావిత్రమ్మగారి ప్రెస్సులో, అదే ఆకును సీసపు అచ్చుగా ఎన్నిసార్లు పట్టుకున్నానో.

సావిత్రమ్మగారిది పావగడ బజారులోనే వ్యాపారుల కుటుంబం. భర్త పక్షవాతంతో మంచాన పడ్డాక, పెళ్లి పత్రికలు అచ్చువేసే ఆ చిన్న ప్రెస్సును ఆమే నడిపారు. నేను అప్పటికి భర్త వదిలేస్తే పుట్టింటికి చేరినదాన్ని. వానల్లేక నాన్న వేసిన శనక్కాయ చేలోనే ఎండిపోయేది. నా కంచం ఆ ఇంటికి బరువని ఎవరూ అనలేదు, నాకే అనిపించేది. కన్నడ రాష్ట్రంలోని తెలుగు ఊరు మాది, పత్రికలు రెండు భాషల్లోనూ వేయిస్తారు. నాకు తెలుగు, కన్నడ రెండూ వచ్చని విని ఆమె కబురు పంపారు. చిన్నచిన్న గళ్లున్న పెట్టెల్లోంచి సీసపు అక్షరాలు ఏరి వరసలు కూర్చడం నేర్పారు. ఎవరైనా పత్రికల కోసం వస్తే నేను ఆ పెట్టెల వెనక్కి తప్పుకునేదాన్ని. మొగుడు వదిలేసిన మనిషి చేతుల్లోంచి పెళ్లి పత్రిక రావడం వాళ్లకు నచ్చదేమోనని భయం. ఆమె అది గమనిస్తూనే ఉండేవారు.

పత్రిక అంచుకు వేసే అచ్చుల్లో ఆ ఆకు ఒకటి. తమలపాకని ఒకరు, తిప్పతీగని ఒకరు అనేవారు. ఒకసారి బెంగళూరు నుంచి అక్షరాలు అమ్మడానికి వచ్చినాయన అది ఐవీ అని చెప్పాడు. చలిదేశాల్లో గోడలకు పాకుతుందట, మంచు కురిసినా పచ్చగానే ఉంటుందట. గ్రీకుల పురాణాల్లో ద్రాక్షసారాయికి దేవుడొకడు దాన్నే తలకు చుట్టుకుంటాడట. విడవని ప్రేమకు అక్కడి కవులు ఆ తీగనే పోలిక చెబుతారట.

"మన కవులూ అంతే కదమ్మా. ఆడదాన్ని తీగ అంటారు, మొగుణ్ని చెట్టంటారు" అని నవ్వాడు.

అతను వెళ్లాక సావిత్రమ్మగారు ఆ అచ్చును చేతిలో తిప్పుతూ కూర్చున్నారు.

"ఏమ్మే పార్వతీ, ఈ మాట రాసినోళ్లు తీగని సరిగ్గా చూసినట్టు లేదు. మా పెరట్లో కానుగ చెట్టు ఎండి పడిపోయినాది. దాని మింద తిప్పతీగ ఉండాది కదా, అది చచ్చినాదా? గోడ పట్టుకొని పాకతాండాది. మొదలు తెగినా పైనుంచి వేరు దింపినాది."

నా మొహం చూడకుండానే అన్నారు. నేనూ తల ఎత్తలేదు. ఆ మాట మాత్రం ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

మరుసటి ఏడు పక్కనున్న అరసికెరె నుంచి ఒకామె తన మరిదితో వచ్చింది. కూతురి పెళ్లి. భర్త పోయాక కూలికి పోయి ఆ పిల్లను పెంచిందట. ఆహ్వానించేవాళ్ల పేర్లు మరిది చెబుతుంటే వెనక నుంచి వింటున్నాను. తల్లి పేరు రాలేదు.

"పిల్లని కన్నామె పేరు యాడప్పా?" అని అడిగారు సావిత్రమ్మగారు.

"మొగుడు లేనామె పేరు శుభానికి ఎట్ల వేసేదమ్మా? నలుగురు ఏమంటారు?"

"ఈడ అక్షరాలు కూర్చేది మొగుడు వదిలేసిన పిల్లప్పా. అదీ ఇబ్బందైతే వేరే ప్రెస్సు చూసుకో. ఇట్లా రామ్మే పార్వతీ."

 పెట్టెల చాటు నుంచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. అతను నావైపు తిరిగాడు. మాట్లాడింది ఆ తల్లి.

"వద్దులే అక్కా. నా పేరుంటే బిడ్డకి ఏమన్నా అయితాదేమో."

"నీ చేతి కూడు తినే పెరిగినాది కదమ్మా. అప్పుడేమన్నా అయినాదా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరిది ఆమె వంక తిరిగాడు.

"పెంచినాది మా వొదినే. అది అబద్దం కాదు. వేసేయండి" అన్నాడు.

వరసలు కూర్చి, తప్పులు చూసుకోవడానికి ముందుగా ఒక ప్రూఫు కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. "నా పేరు యాడుండాదమ్మా?" అంది. ఆమె వేలు పట్టుకుని పేరు మీద పెట్టాను. సిరా తడి ఆరలేదు, వేలికి అంటుకుంది. తుడుచుకోమని గుడ్డ ఇస్తే తీసుకోలేదు.

"ఉండనీలేమ్మా" అంది.

ఆ రోజు తర్వాత నేను పెట్టెల వెనక్కి వెళ్లలేదు. కంప్యూటర్లు వచ్చి ప్రెస్సు మూతపడింది. సావిత్రమ్మగారూ పోయారు. అదే బజారులో ఇప్పుడు నాకో చిన్న డీటీపీ అంగడి ఉంది, పత్రికలు కంప్యూటర్‌లోనే కూరుస్తాను. చదువు రాని తల్లులు వస్తే, పేరు చదివి వినిపించి ఊరుకోను. వేలు పట్టుకుని తెర మీద ఎక్కడుందో చూపిస్తాను. సిరా అంటదు. అయినా కొందరు ఆ వేలును కాసేపు అక్కడే ఉంచుతారు. నేను తొందరపెట్టను.