శిఖరం మీద మనూరోడి కాళ్ళు

కొండ కింది సైనిక ఆసుపత్రిలో నేను నర్సుగా చేరింది మార్చి నెలాఖరున. ఆరు గుడారాలు, ఒక రేకుల షెడ్డు, ఎదురుగా మంచు కప్పిన శిఖరం. కొత్తవలసలో పుట్టినదాన్ని, మంచును పుస్తకాల్లోనే చూశాను. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాను. డైరీ రాసుకుని పడుకునేదాన్ని.

పదో రోజు ఉదయం ఐదుంబావుకి శిఖరం మీది కాపలా పోస్టు నుంచి వైర్‌లెస్ వచ్చింది. "ఒక జవానుకి కాళ్ళలో స్పర్శ లేదు. బూట్లు విప్పనివ్వడు. భయంతో హిందీ మరిచిపోయాడు, తెలుగే మాట్లాడుతున్నాడు."

డాక్టరు నా వైపు తిరిగాడు. "సిస్టర్, ఎక్కగలవా?"

తల ఊపాను.

ఆరింటికి బయల్దేరాం. డాక్టరు, దారి చూపే హవల్దారు, స్ట్రెచర్‌తో నలుగురు జవాన్లు, నేను. నా బూట్లు ఒక సైజు పెద్దవి. మూడు జతల మేజోళ్ళు తొడిగాను. కింది వాలులో కొత్త గడ్డి, ఊదా పూలు. ఎనిమిదిన్నరకు మంచు మొదలైంది. కాలు మోకాలి దాకా దిగబడుతోంది.

"ఒంటిగంట దాటితే ఎండకు మంచు జారుతుంది," అన్నాడు హవల్దారు. "ఈలోపు దిగిపోవాలి."

పదకొండుకు పది నిమిషాల ముందు శిఖరం చేరాం. రాళ్ళు పేర్చిన బంకరు. లోపల ఆ జవాను, నరసన్నపేట వైపు వాడట, బూట్లు రెండు చేతులతో పట్టుకుని కూచున్నాడు.

"ఏటయింది?" అన్నాను.

తలెత్తాడు. "మనూరోలేనా అమ్మా? కాళ్ళు కోసెత్తారంట. కాళ్ళు నేకపోతే పొలంలో దమ్ముకెలా దిగుతాను?"

బూటు అంచున వేలు పెట్టి చూశాను. మేజోడు తడిసి ఉంది. ఎందుకని అడిగాను.

"డూటీ దిగినప్పుడల్లా కాళ్ళు కడుక్కుంటన్నాను. బయట తిరిగొచ్చి కడక్కుండా లోపలికెలా వస్తామమ్మా?"

ఆ మాట హిందీలో చెప్పాను. వైర్‌లెస్ జవాను నెత్తి కొట్టుకున్నాడు. "మంచు కరిగించి టీకి దాచిన నీళ్ళు! వీడు కాళ్ళకి పోశాడా?"

"ఒరే, ఇప్పుడు విప్పకపోతే నిజంగానే పోతాయి. కాలు ఇలాగియ్యి!" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. కాలు చాపాడు.

బూట్లు విప్పి చూస్తే వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. నీళ్ళు కాచి, మోచేత్తో వేడి చూసి, అల్యూమినియం బేసిన్‌లో కాళ్ళు పెట్టించాను. పది నిమిషాలు. పదిహేను. మార్పు లేదు. ఇరవయ్యో నిమిషంలో కెవ్వుమన్నాడు.

"అమ్మో! మండిపోతన్నాది!"

డాక్టరుకు తెలుగు రాదు, అయినా నవ్వాడు. "అరవనీ. నొప్పి తెలిసిందంటే వేళ్ళు బతికినట్టే."

పన్నెండుకు ఇరవై నిమిషాలుండగా అతన్ని కంబళ్ళలో చుట్టి స్ట్రెచర్ ఎత్తాం. ఒంటిగంటకు పది నిమిషాల ముందు మంచు దాటాం. వెనక ఎక్కడో గుమ్మని మంచు జారిన చప్పుడు. అందరం గడ్డి మీద కూలబడ్డాం.

"సిస్టరమ్మా, ఇక్కడైతే కడుక్కోవచ్చా?" అన్నాడు స్ట్రెచర్ మీంచి.

"నోరుమూసుకు పడుకో," అన్నాను. ఏడుపొస్తుందనుకుంటే నవ్వొచ్చింది.

నెల తిరక్కుండానే అతను తన కాళ్ళ మీద తనే నడిచి ఆసుపత్రి దాటాడు. రెండేళ్ళకు నేను ఉద్యోగం వదిలి కొత్తవలసలో రైలు దిగాను. మంచు ఎలా ఉంటాదని ఇక్కడ అందరూ అడుగుతారు. తెల్లగా ఉంటుందని చెప్పి ఊరుకుంటాను. కళ్ళు మూస్తే మాత్రం ఆ బేసిన్‌లో తొమ్మిది వేళ్ళు ఎర్రబడి ఉంటాయి. పదోది, ఎడమ కాలి చిటికెన వేలు, ఇంకా తెల్లగానే ఉంటుంది. చూస్తూ ఉండగా దాని కొసన ఎర్రటి చుక్క పుడుతుంది.