పరదేశి తాత పంతొమ్మిది డొప్పలు

పరదేశి తాతకి పని మానేశాకే అలసట ఎక్కువైంది. కత్తి పట్టినన్నాళ్లూ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా నిలబడే ఉన్నాడు. ఒక్కనాడూ కాళ్లు పీకుతున్నాయన్నవాడు కాడు. చేతులు వణకడం మొదలయ్యాక చోడవరం బస్టాండు పక్కనున్న మంగలి బడ్డీని కొడుకు దాసుకి వదిలేసి ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. అప్పట్నుంచి కూర్చుంటే నడుంనొప్పి, పడుకుంటే మెడనొప్పి. రాత్రంతా నిద్రపోయి, ఆ నిద్రలో పడ్డ శ్రమ తీరడానికి పొద్దున్నే ఇంకో కునుకు తీసేవాడు.

ఇంతటి మనిషీ ఏడాదికి ఒక్కరోజు మాత్రం అందరికంటే ముందు లేచేవాడు. అది భాద్రపద మాసం చివర వచ్చే పెద్దల అమావాస్య. ఆ రోజు వీధిలో ఎవరి చనిపోయిన పెద్దలకి వాళ్లు విస్తరేసి, పేరు పెట్టి పిలిచి, అన్నం పెట్టుకుంటారు. తాత తల్లికో విస్తరి, తండ్రికో విస్తరి వేసేవాడు. అక్కడితో ఆగితే ఆయన పరదేశి ఎందుకవుతాడు? ఆ రెండు విస్తర్ల పక్కన గోడ పొడుగునా అడ్డాకులతో కుట్టిన చిన్న డొప్పలు పంతొమ్మిది పేర్చేవాడు. ఆ పంతొమ్మిదీ ఇంగ్లండు సోల్జర్లవి.

వాళ్లకి వంట వేరు. తెల్లవాళ్లకి కారం పడదని ఎండుమిరపకాయ తగలకుండా ఓ కుండెడు పప్పు విడిగా వండాలి. ఆ పప్పు నూకరత్నం వండేది. నూకరత్నం తాత భార్య. నోరు చేదు, చెయ్యి తీపి. తన అత్తమామలకి ఏనాడూ విడిగా ఓ కూర వండి ఎరగననీ, మొహం తెలియని వాళ్లకి ఇంత సేవ చేస్తున్నాననీ ఏటేటా ఒకేమాట అనేది. అంటూనే పప్పులో ఇంకో గరిటెడు నెయ్యి వేసేది.

ఈ చుట్టరికం ఎలా కలిసిందంటే, యుద్ధం రోజుల్లో వాల్తేరులో ఓ పటాలం దిగింది. వాళ్లకి గడ్డాలు గీసేవాడు కావలసి వచ్చాడు. తాతకి అప్పుడు ముప్పై ఏళ్లు. బుద్ధిగా చోడవరంలో ఉండక వాల్తేరు పోయి, అక్కణ్ణుంచి ఆ పటాలం వెంట రైలెక్కి ఊళ్లన్నీ తిరిగి, చివరికి నాగా కొండల దాకా పోయాడు. ఎందుకెళ్లావని ఎవరైనా అడిగితే, అరవై గడ్డాలు మధ్యలో ఉన్నాయి, సగం గీసి వదిలేసి ఎలా రావడం అనేవాడు.

అది టెర్రిటోరియల్ పటాలం. అంటే వాళ్లు పుట్టు సిపాయిలు కారు. అందరిదీ ఇంగ్లండులో ఒకే ఊరు. ఒకడు నూలు మిల్లు కూలీ, ఒకడు రొట్టెలు కాల్చేవాడు, ఒకడు పాలు పోసేవాడు, ఒకడు బడిపంతులు. వారానికో సాయంత్రం తుపాకీ భుజాన వేసుకుని కవాతు చేసి, మర్నాడు పొద్దున్నే ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. యుద్ధం వచ్చి ఆ ఊరిని ఊరుగానే ఓడెక్కించింది. గోవాడలో చెరకు నరికేవాళ్లనీ, కె.కోటపాడు సంతలో వంకాయలమ్మేవాళ్లనీ, చోడవరం బడి మేష్టర్నీ ఓ చోట పోగేసి, చేతికి తుపాకీలిచ్చి తెలియని కొండ ఎక్కిస్తే ఎలా ఉంటుందో అలాగ ఉండేదని తాత చెప్పేవాడు.

రోజూ పొద్దున్నే ఓ చెక్కపెట్టె మీద ఒకడి తర్వాత ఒకడు కూర్చునేవారు. తాతకి ఇంగ్లీషు రాదు, వాళ్లకి తెలుగు రాదు. గడ్డం గీసేవాడికీ గీయించుకునేవాడికీ భాషతో పనేముంది? ఒక్కొక్కడి దవడా, పులిపిరీ, గంటూ తాత వేళ్లకి బాగా తెలుసు. ఆ వరసలో హిండిల్ అనే ఇంటిపేరుగల అన్నదమ్ములు ఇద్దరుండేవారు. ఏడాది తేడా. ఒకే అచ్చులో పోసినట్టుండేవారు. పెద్దవాడికి గుబురు మీసం. దాన్ని శనివారం శనివారం తాత కత్తిరించి దువ్వేవాడు. చిన్నవాడికి మీసం లేదు సరికదా గడ్డమే సరిగా లేదు. అయినా అన్నకి తీసిపోకూడదని రోజూ వరసలో నిలబడేవాడు. తాత వాడి మొహానికి నిండా నురుగు పూసి, ఆ నురుగునే గీసి పంపేవాడు. వాడు గడ్డం తడుముకుంటూ గర్వంగా పోయేవాడు.

కొండ మీద యుద్ధం జరిగిన వారాల్లో తాత కింద గుడారాల దగ్గర ఉన్నాడు. గాయపడ్డవాళ్లు కిందకి వచ్చేవారు. పోయినవాళ్లని పైనే పూడ్చేసేవారు. ఎవరెవరు పోయారో నోటి మాటగా తెలిసేది. హిండిల్ సోదరుల్లో ఒకడు పోయాడని ఓ రోజు తెలిసింది. ఎవరన్నది చెప్పినవాడికీ తెలియదు. నాలుగో రోజున మిగిలినవాణ్ణి చేతికి కట్టుతో లారీలో ఆస్పత్రికి తీసుకుపోతుంటే తాత దూరం నుంచి చూశాడు. పైపెదవి నున్నగా ఉంది. మీసం లేనివాడు మిగిలాడు కాబట్టి మీసమున్నవాడు పోయాడనుకున్నాడు. పెద్ద హిండిలు కోసం ఆ పూట తిండి మానేశాడు.

మన దగ్గర చావు జరిగితే పదో రోజున మంగలి రావాలి. మంగలి కత్తి పడకపోతే ఆ చావు తీరినట్టు కాదు. ఆ కొండ మీద పోయినవాళ్లలో తాత కత్తి కింద కూర్చున్నవాళ్లు పంతొమ్మిది మంది. వాళ్లకి పదో రోజు లేదు, పిలిచేవాళ్లు లేరు. వాళ్లకున్న మంగలి తనొక్కడే. అంచేత ఆ భారం తనదేననుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చిన ఏడు మొదలుపెట్టిన డొప్పలు మళ్లీ మానలేదు.

ఆ రోజున ఎవరికి పెడుతున్నామో పేరు పలకాలి. పేరు పలకని ముద్ద ఎవరికీ చెందదు. తాతకి రాత లేదు. పెట్టె మీద కూర్చున్న వరసలోనే పేర్లు గుర్తుపెట్టుకున్నాడు. 1970 అమావాస్య నాడు ఆ వరస పద్నాలుగో పేరు తర్వాత తెగింది. మళ్లీ మొదటినుంచి చదివాడు, మళ్లీ అక్కడే తెగింది. అయిదు డొప్పలు పేరు లేకుండా ఉండిపోయాయి. కాకులు వచ్చి తినేసినా తాత మనసు నిలవలేదు. ఆ ఏడాదంతా అరుగు మీద వేళ్లు మడుస్తూ కూర్చున్నాడు. తను పోయేలోగా ఆ పేర్లు దొరక్కపోతే అయిదుగురు కుర్రాళ్లు ఆకలితో ఉండిపోతారన్నదే ఆయన బాధ.

చివరికి ఉగాది వెళ్లాక రిటైరైన రమణమూర్తి మేష్టారి దగ్గరకి పోయాడు. చచ్చిపోయినవాళ్ల పేర్లు పంపమని ఇంగ్లండుకి ఉత్తరం రాయమన్నాడు. అడ్రసేదని మేష్టారు అడిగితే, వాళ్లంతా ఒక్క ఊరివాళ్లే కదా, పటాలం పేరూ ఊరి పేరూ రాస్తే చాలన్నాడు. ఆ రెండూ తాత దగ్గరున్న పటాలం వాళ్ల పాత చీటీ మీద ఉన్నాయి. చోడవరంలో పరదేశి ఇల్లెక్కడని అడిగితే ఎవరు చెప్పరు? అక్కడా అంతే అని తాత నమ్మకం. మేష్టారు నవ్వుకుంటూ రాసిచ్చారు.

అమావాస్య ఇంకా పదిరోజులుందనగా జవాబు వచ్చింది. నీలం కవరు. మేష్టారే పట్టుకుని తాత అరుగు దగ్గరకి నడిచొచ్చారు. ఉత్తరం తర్వాత, ముందు పేర్లు చదవమన్నాడు తాత.

అరవై రెండు పేర్లు. మేష్టారు ఒక్కొక్కటీ చదువుతుంటే తాత కళ్లు మూసుకుని, తన చెంప మీద తనే వేళ్లతో తడుముకున్నాడు. ఒక పేరుకి వేళ్లు కదలకపోతే తన వరసలోవాడు కాదని తల అడ్డంగా ఊపాడు. ఇంకో పేరుకి చెయ్యి కుడి దవడ మీద ఆగేది, అక్కడ పులిపిరి ఉందనేవాడు. అలాగ తప్పిపోయిన అయిదుగురూ ఒకరి తర్వాత ఒకరు దొరికారు. తలుపు చాటునుంచి వింటున్న నూకరత్నం ఆ లెక్కకి గడప దాటి వచ్చేసింది.

"అరవై రెండు డొప్పలా? పటాలమంతటికీ నాను వండాలేటి?"

"నా కత్తి కింద కూకున్నోళ్లే నావోళ్లు. మిగతావోళ్ల సంగతి వోళ్ల మంగలోడు సూసుకుంటాడు. నువ్వు నోరు ముయ్యి, మేష్టార్ని సదవనియ్యి."

మేష్టారు జాబితా చివరికి వచ్చారు. వాల్టర్ హిండిల్ అని చదివారు.

"కాదు బాబూ. వాల్టరు సిన్నోడు, ఆడు బతికేడు. పోయినోడు ఫ్రెడ్డు."

మేష్టారు జాబితా కిందా మీదా వెతికారు. ఫ్రెడ్ హిండిల్ అన్న పేరు అందులో లేదు. అప్పుడు ఉత్తరం చివర సంతకం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పరదేశీ, ఈ ఉత్తరం రాసింది ఫ్రెడ్ హిండిలేనయ్యా."

తాత తన పైపెదవిని వేళ్లతో తడుముకున్నాడు.

"ఆయనకి ఇరవయ్యారు అమావాస్యలు పెట్టేను మేష్టారూ," అన్నాడు.

మేష్టారు నవ్వబోయి తాత మొహం చూసి ఆగిపోయారు. ఉత్తరమంతా చదివి తెలుగులో చెప్పారు. మిగిలినవాళ్లంతా ఆ ఊళ్లో ఓ సంఘం పెట్టుకున్నారు. ఏడాదికోసారి కలిసి ఆ పేర్లన్నీ చదువుతారు. పరదేశి వాళ్లకి బాగా గుర్తున్నాడు. తన మీసాన్ని శనివారాలు దువ్విన చెయ్యి తనకి మరీ గుర్తుందని ఫ్రెడ్ రాశాడు. తమ్ముడు పోయిన సాయంత్రం ఆ మీసం తీసేశాననీ, ఇప్పటిదాకా మళ్లీ పెంచలేదనీ రాశాడు.

"తమ్ముడికి అన్న మీసం తియ్యడమేటి బాబూ? అన్న పోతే తమ్ముడు తీస్తాడు గానీ. ఏ మంగలోడు తీసేడు?"

"ఎవరూ తియ్యలేదట. తన చేత్తోనే తీసుకున్నాడట."

ఫ్రెడ్ వచ్చి అడిగితే తాత కూడా ఆ మీసం తీసేవాడు కాదు. అది తప్పని చెప్పి పంపేసేవాడు. తమ్ముడికి అన్న మీసం తియ్యడన్న మన ఆచారాన్ని సముద్రాల అవతలి మనిషి పెదవి మీద చదివి, బతికినవాడికి చచ్చినవాళ్ల పంక్తిలో వడ్డించాడు. పోయినవాణ్ణి ఆకలికి వదిలేశాడు. పేర్లు దొరికితే బరువు దిగుతుందనుకున్న మనిషి రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంజి తెస్తే సగం తాగి పక్కన పెట్టేశాడు.

బతికున్నవాడి సంగతి నూకరత్నం చిటికెలో తేల్చేసింది. చచ్చాడన్న మాట పుట్టినవాడికి ఆయుష్షు పెరుగుతుందని లోకమంతా ఎరుగును. ఆ లెక్కన ఇరవయ్యారు సార్లు ఆయుష్షు పెరిగిన ఆ ఫ్రెడ్డు అందర్నీ పంపించేసిగానీ పోడని చెప్పింది. తాత ఓపిక లేకపోయినా నవ్వాడు. చిన్నవాడి సంగతి మాత్రం ఆవిడా తేల్చలేకపోయింది.

అమావాస్య వచ్చింది. తాత లేచాడు, కానీ దాసు రెక్క పట్టుకుంటే లేచాడు. తల్లీతండ్రీ విస్తర్లయ్యాయి. మేష్టారు తెలుగులో రాసిచ్చిన పేర్లు దాసు చదువుతుంటే, తాత ఒక్కొక్కరినీ పిలిచి డొప్పలో అన్నం, పప్పు, చిన్న గారె పెట్టుకుంటూ వచ్చాడు. ఒకటి పెట్టడం, ఊపిరి తీసుకోవడం, పీట జరుపుకోవడం. పద్దెనిమిది అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. పంతొమ్మిదో డొప్ప ముందు చెయ్యి ఆగిపోయింది. దాసు ఆ పేరు రెండుసార్లు చదివినా తాత పలకలేదు.

"ఏటయ్యా, పెట్టవేటి?" నూకరత్నం గరిటె పట్టుకుని వచ్చింది.

"ఇన్నేళ్లూ ఆణ్ణి పిలవనేదు. ఆ పక్కనే కూకుని అందరూ తింటంటే సూస్తా ఉండుంటాడు. ఇప్పుడు ఏ మొకం ఎట్టుకుని పిలవను?"

ఆవిడ గరిటె కింద పెట్టి, అరుగు అంచున కూర్చుంది. కాసేపు తనూ ఆ డొప్ప వంక చూసింది.

"పెద్దోడు బతికే ఉన్నాడు గదా. మరి ఆడి డొప్ప ఇన్నేళ్లూ ఎవడు తిన్నాడంతావు? అన్న డొప్పలో తమ్ముడు తినడేటి? నీ తమ్ముడు నీ కంచంలో తినలేదా? నాను ఇరవయ్యారేళ్లు వండేను. అది ఊరికే పోనాదని నాతో అనకు."

తాత ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్లు తిప్పేసుకుని, పప్పు చల్లారిపోతోందని దాసు మీద విసుక్కుంది.

తాత డొప్ప దగ్గరకి లాక్కున్నాడు. అన్నం పెట్టాడు, పప్పు పోశాడు. కొంత నేలపాలైంది. ఇంకాస్త పోశాడు.

"వాల్టరు బాబూ, సిన్న హిండిలూ. ఆలీసం అయిపోనాది. ఇది నీదే, ఇందులో ఎవరి వాటా నేదు. నెమ్మదిగా తిను."

తొందరేముందని అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. దాసు వచ్చి లేపబోతే, వాడు తినేదాకా ఉండనీ అన్నాడు.

మర్నాడు మేష్టారు జవాబు రాయడానికి వచ్చారు. ఏం రాయమంటావని అడిగారు. తాత పడుకునే ఉన్నాడు. అన్నగారికి డొప్ప వేసిన సంగతి రాయొద్దన్నాడు. మరేం రాయాలి?

"నాను బాగున్నానని రాయండి. ఆరి తమ్ముడి బోజనం సంగతి మేం సూసుకుంటన్నాం, బెంగ ఎట్టుకోవద్దని రాయండి."

భోజనమంటే వాళ్లకేం అర్థమవుతుంది పరదేశీ, అని మేష్టారు కలం ఎత్తి పట్టుకున్నారు.

"తమ్ముడి కోసం మీసం తీసినోడు, ఆయనకి తెలుస్తాది బాబూ. రాసీండి," అని తాత కళ్లు మూసుకున్నాడు.