కుందేలు మోసుకొచ్చిన పదకొండు మంది

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు హెడ్ కానిస్టేబుల్ ఖాసిం నా బల్ల మీద టీ గ్లాసు పెట్టాడు. ఎనభైల తొలి సంవత్సరాలు, ఎండాకాలం చివర. పినపాక అడవుల్లోని ఒక చిన్న స్టేషన్‌కు నేను సబ్-ఇన్‌స్పెక్టర్‌గా వచ్చి నాలుగు నెలలైంది. ఖాసిం ఆ ప్రాంతంలో పద్నాలుగేళ్లుగా ఉన్నాడు. కోయ భాష ఇంట్లో నేర్చుకున్నవాడిలా మాట్లాడేవాడు. ఊళ్లవాళ్లు ఆయన్ని జమేదారు అని పిలిచేవారు.

"సార్, ఇయ్యాల విత్తనాల పండుగ. ఆడోళ్లు తొవ్వకడ్డం కట్టె పెట్టి చందా అడుగుతరు. మొగోళ్లు వేటకు పోయి లొల్లి చేసుకుంట వస్తరు. మన కానిస్టేబుల్ పోరగాళ్లకు జెర చెప్పుండ్రి" అన్నాడు.

సరేనన్నాను, ఫైలు మీంచి తల ఎత్తకుండానే. గస్తీకి బయలుదేరే ముందు సిబ్బందిని వరుసలో నిలబెట్టి ఆ రోజు పని వివరించడం అధికారి బాధ్యత. ఆ వరుసలో నేను రైఫిళ్లు చూశాను, తూటాలు చూశాను. పండుగ మాట చెప్పలేదు.

తొమ్మిది దాటాక ఒక గూడెం ముందు కట్టె అడ్డంగా కనిపించింది. జీపు ఆపాం. "సర్కారు జీపైతే ఏంది? దిగుండ్రి, పైసలియ్యుండ్రి!" అని ఒక ముసలామె బానెట్ మీద చరిచింది. ఖాసిం నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడే అడవిలోంచి డోలు మోత, కేకలు వినిపించాయి. విల్లంబులతో, గొడ్డళ్లతో పదకొండు మంది పరుగున వచ్చారు. వేట దొరక్క వట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు చల్లుతారు. దొరికింది కాబట్టి ఆ కేకలు.

మా కానిస్టేబుల్ శ్రీహరికి ఇది తెలియదు. బోనకల్ వైపు వ్యవసాయ కుటుంబం, శిక్షణ ముగిసి రెండు నెలలు. ఫైరింగ్‌లో వాళ్ల బ్యాచ్‌కు మొదటివాడు. ముందు హెచ్చరించాలి, తర్వాత లాఠీ, అప్పటికీ ప్రాణాపాయం ఉంటే అధికారి ఉత్తర్వు మీద కాల్పులు. ఈ వరుస అతనికి కంఠతా వచ్చు. అయినా రైఫిల్ పేలింది.

వేటగాళ్లలో అందరికంటే ముందున్న ముత్తయ్య కుడి భుజం పట్టుకుని కూలబడ్డాడు. ఖాసిం లాఠీ కింద పారేసి, రెండు చేతులూ పైకెత్తి, కోయలో అరుస్తూ వాళ్ల మధ్యకు నడిచాడు. తన తువ్వాలుతో గాయం కట్టాడు. అదే జీపులో ముత్తయ్యను భద్రాచలం దవాఖానాకు చేర్చాం. అతను బతికాడు గానీ మళ్లీ విల్లు ఎక్కుపెట్టలేకపోయాడు.

సాయంత్రం సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నా పై అధికారి. చెడ్డవాడు కాదు, మమ్మల్ని కాపాడాలనే వచ్చాడు. జరిగిన ప్రతిదీ గంటతో సహా రాసే జనరల్ డైరీ నా ముందుంది. "వాళ్ల చేతుల్ల విల్లంబులున్నయ్ కద. దాడి చేసిండ్రని రాయి. లేకుంటే ఆ పిలగాని నౌకరి పోతది, నీది గూడ పోతది" అన్నాడు. అట్లా రాస్తే దవాఖానాలో ఉన్న ముత్తయ్యతో సహా ఆ పదకొండు మందీ హత్యాయత్నం కేసులో జైలుకు పోతారు.

తలుపు దగ్గర నిలబడ్డ ఖాసిం గొంతు సవరించుకున్నాడు. "సార్, ముందటోని భుజం మీద కుందేలున్నది. కుందేలు మోసుకుంట ఎవడన్న దాడికొస్తడా?"

"పండుగని నీకు ఎర్కుంటే పొద్దుగాలనే ఎందుకు చెప్పలే?" అని సర్కిల్ గద్దించాడు.

"చెప్పిన సార్."

ఎవరికి చెప్పాడో అనలేదు. నావైపు చూడనూ లేదు.

నేను రాశాను: ఉత్తర్వు లేకుండా కానిస్టేబుల్ శ్రీహరి ఒక రౌండు కాల్చాడు. దాడి జరగలేదు. పండుగ సంగతి ఉదయం 7.10కి నాకు తెలుసు. సిబ్బందికి చెప్పలేదు. సర్కిల్ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. పదకొండు మందిపై కేసు పడలేదు. శ్రీహరి సస్పెండయ్యాడు. నా ప్రమోషన్ కొన్నేళ్లు ఆగింది. అందులో అన్యాయమేమీ లేదు.

మూడో రోజు ఖాసిం, "రాసింది వాళ్లకు గూడ చదివి చెప్దాం సార్" అన్నాడు. గూడెంలో కూర్చుని నేను చదివితే ఆయన కోయలో చెప్పాడు. బానెట్ చరిచిన ముసలామె మధ్యలో ఆపింది. "తుపాకి పేలినంక ఆ కట్టె తీసింది మేమే. జీపు దవాఖానకు పోవాలని. అది రాయలే?" రాయలేదు. డైరీలో కొట్టివేతలు ఉండకూడదు కాబట్టి ఆమె మాటను కొత్త పద్దుగా చేర్చాను.

శ్రీహరికి తుపాకీ గురించి అన్నీ నేర్పారు. దాని ముందు నిలబడే మనుషుల గురించి చెప్పాల్సింది నేను, చెప్పలేదు. కాల్పులపై విచారణ జరిగినప్పుడు ట్రిగ్గర్ మీది వేలితో పాటు ఆ ఉదయం అధికారి ఏం చెప్పి పంపాడో కూడా అడగాలి. సర్వీసు చివరిదాకా నేను అదే అడిగాను.

ఖాసిం ఈ ఏడాది పోయాడు. మేమిద్దరం అక్కడ ఉన్నన్నాళ్లూ, ఒక్క లాఠీ దెబ్బ పడినా మూడు రోజుల్లోపు ఆ ఊరికి వెళ్లి డైరీ చదివి వినిపించాం. ఇప్పుడు ఎవరూ చదవడం లేదు.